యాంటీబయాటిక్ వాడితే పాంక్రియాటైటిస్ వస్తుందా?

ముందు మీరు అడిగింది ఒకసారి కుదించి చెప్తాను. మీ చెల్లెలికి 34 ఏళ్లు. చిగుళ్ల ఇన్ఫెక్షన్‌కి మెట్రోనిడజోల్, అమాక్సిసిలిన్ కలిపి ఏడు రోజులకు రాసిచ్చారు. ఐదో రోజు రాత్రి పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పాకింది, వాంతులు ఆగలేదు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే లైపేజ్ (క్లోమం తయారుచేసే ఒక ఎంజైము) 1,140 వచ్చింది, అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు అన్నారు. స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లు కనబడలేదు, ఆమెకు మద్యం అలవాటు లేదు. "మాత్రల వల్ల అయ్యుండొచ్చు" అని డాక్టరు ఒక్క మాట అనేసి వెళ్లిపోయారు. యాంటీబయాటిక్ వల్ల నిజంగా ఇలా అవుతుందా, అయితే ఇక ఏ యాంటీబయాటిక్కూ వాడకూడదా అన్నది మీ టెన్షన్.

అవుతుంది. కానీ అరుదు. ఇరవై రెండేళ్లుగా జీర్ణకోశ వైద్యంలో ఉన్నాను. "ఇది కచ్చితంగా యాంటీబయాటిక్ పనే" అని నేను ధైర్యంగా చెప్పగలిగిన కేసుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "అయ్యుండొచ్చు" అని ఫైల్లో రాసినవి మాత్రం బోలెడు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. మీ చెల్లెలి విషయంలో ఇప్పుడు తేల్చుకోవాల్సింది దాన్నే.

క్లోమం పొట్టకు వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇన్సులిన్ సంగతి అందరికీ తెలుసు. అంతకన్నా దానికి ఎక్కువ పని, తిన్నదాన్ని అరిగించే ఎంజైములు తయారు చేయడం. అవి క్లోమంలో ఉన్నంతసేపూ నిద్రలో ఉంటాయి, పేగులోకి వెళ్లాకే మేల్కోవాలి. ఏదో కారణంగా అవి లోపలే మేల్కొంటే క్లోమం తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. పాంక్రియాటైటిస్ అంటే అదే. అందుకే ఆ నొప్పి మామూలు గ్యాస్ నొప్పిలా ఉండదు. వార్డులోకి అడుగుపెట్టగానే ఈ రోగిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు: మంచం అంచున కూర్చుని, దిండును పొట్టకు అదుముకుని, ముందుకు వంగిపోయి ఉంటారు. వెల్లకిలా పడుకోమంటే చచ్చినా పడుకోరు, ఎందుకంటే అలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది.

ఇది చెప్పడానికి కారణం ఉంది. యాంటీబయాటిక్ వాడేటప్పుడు కడుపు నొప్పి, వికారం ఎంతోమందికి వస్తాయి. మెట్రోనిడజోల్‌కి నోట్లో లోహపు రుచి, కడుపులో తిప్పడం మామూలే. డాక్సీసైక్లిన్ మాత్ర నీళ్లు సరిగా తాగకుండా మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు పెడుతుంది, ఛాతీ మధ్యలో భగ్గుమంటుంది. ఇవేవీ పాంక్రియాటైటిస్ కావు. పాంక్రియాటైటిస్ అనాలంటే మూడింటిలో రెండు ఉండాలి: ఆ తరహా నొప్పి, లైపేజ్ గానీ అమైలేజ్ గానీ ల్యాబ్ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటడం, స్కాన్‌లో క్లోమం వాపు కనబడడం. 2012లో సవరించిన అట్లాంటా ప్రమాణాలు చెప్పేది ఇదే. మీ ల్యాబ్ పరిమితి 60 అనుకుంటే 180 దాటాలి. మీ చెల్లెలికి 1,140, అంటే పందొమ్మిది రెట్లు. పైగా నొప్పి కూడా సరిగ్గా అలాంటిదే. కాబట్టి రోగం పేరు విషయంలో నాకు సందేహం లేదు. ఒక మాట: లైపేజ్ ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు అని చాలామంది భయపడతారు. దానికీ దీనికీ సంబంధం లేదు. 400తో ఐసీయూకి వెళ్లినవాళ్లనూ, 5,000తో మూడో రోజు ఇంటికెళ్లినవాళ్లనూ చూశాను. రోజూ లైపేజ్ టెస్టు చేయించి తగ్గిందా లేదా అని చూసుకోవడం వల్ల ఉపయోగం లేదు.

రోగం ఏమిటో తేలింది. ఎందుకొచ్చిందన్నదే తేలాలి.

అక్యూట్ పాంక్రియాటైటిస్ కేసుల్లో మూడింట రెండు వంతులకు పైగా రెండే కారణాలు: గాల్‌బ్లాడర్ రాళ్లు, మద్యం. తర్వాత రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా పెరిగిపోవడం, రక్తంలో కాల్షియం ఎక్కువ కావడం, కొన్ని జన్యు లోపాలు, ఆటోఇమ్యూన్ జబ్బు, పొట్ట మీద బలమైన దెబ్బ, ఈఆర్‌సీపీ (ఎండోస్కోపీ గొట్టంతో పైత్య, క్లోమ నాళాల్లోకి వెళ్లి చేసే పరీక్ష) తర్వాత వచ్చేవి. మందుల వాటా నూటికి ఐదు కన్నా తక్కువ. ఆ ఐదులోనూ యాంటీబయాటిక్స్‌ది చిన్న ముక్కే. అజాథియోప్రిన్, వాల్‌ప్రోయేట్, ఆస్పరాజినేజ్, మెసలమీన్ లాంటివి ఈ విషయంలో ఎక్కువ అపఖ్యాతి మూటగట్టుకున్నాయి.

పాంక్రియాటైటిస్ తెస్తాయని అనుమానం పడిన మందుల జాబితా తీస్తే ఐదు వందలు దాటుతుంది. ఇందులో చాలావాటి మీద ఉన్న సాక్ష్యం ఏమిటంటే, ఎవరో ఒకరు ఆ మందు వాడుతుండగా నొప్పి వచ్చింది, అంతే. దాన్ని సాక్ష్యం అనలేం. మందు ఆపితే తగ్గి, మళ్లీ అదే మందు వాడితే మళ్లీ వచ్చి, వేరే కారణాలన్నీ కొట్టేస్తే, అప్పుడు గట్టిగా నమ్ముతాం. అలా మళ్లీ వాడినప్పుడు మళ్లీ వచ్చినట్టు నమోదైన వాటిని పై వరుసలో పెడుతూ 2007లో ఒక వర్గీకరణ వచ్చింది. మేమంతా ఇప్పటికీ దాన్ని ఆధారంగా వాడుకుంటాం.

ఆ పై వరుసలో ఉన్న యాంటీబయాటిక్స్‌లో మొదటిది మీరు చెప్పినదే, మెట్రోనిడజోల్. ఒకే మనిషికి రెండోసారి వేసుకున్నప్పుడు కూడా నొప్పి తిరగబెట్టిన కేసులు 1980లలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. టెట్రాసైక్లిన్ ఉంది. సల్ఫామెథాక్సజోల్-ట్రైమెథోప్రిమ్ ఉంది. క్షయకు వాడే ఐసోనయాజిడ్, కుష్ఠుకు వాడే డాప్సోన్ కూడా ఉన్నాయి. టెట్రాసైక్లిన్‌కు దగ్గరి చుట్టం, ఆసుపత్రుల్లో సెలైన్‌లో ఎక్కించే టైగీసైక్లిన్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. దాంతో పాంక్రియాటైటిస్ వచ్చిందనీ, అందులో మరణాలు కూడా ఉన్నాయనీ మందు కంపెనీ ఇచ్చే సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. డాక్సీసైక్లిన్‌కి కూడా కేసులున్నాయి గానీ, కోట్లమంది వాడే మందు కాబట్టి ఆ సంఖ్య చాలా చిన్నదనే చెప్పాలి. అమాక్సిసిలిన్ పేరు జాబితాల్లో కనబడుతుంది, కానీ బలమైన సాక్ష్యం లేదు. మీ చెల్లెలు వేసుకున్న రెండింటిలో నేను వేలెత్తి చూపేది మెట్రోనిడజోల్‌నే.

సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ గురించి విడిగా చెప్పాలి, అది ఆసక్తికరమైన కథ. అది క్లోమం జోలికి నేరుగా వెళ్లదు. ఆ మందులో సుమారు 40 శాతం పైత్యరసంలోకి వెళ్తుంది, అక్కడ కాల్షియంతో కలిసి ఇసుకలా గడ్డకడుతుంది. స్కాన్ చేస్తే అచ్చం రాళ్లలాగే కనబడుతుంది. పిల్లల్లో, ఎక్కువ డోసులో, ఎక్కువ రోజులు ఇచ్చినప్పుడు ఇది మరీ ఎక్కువ. మందు ఆపిన కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. కానీ ఆ లోపల ఒక రేణువు జారి పైత్యనాళం చివర, క్లోమ నాళం కలిసే చోట అడ్డుపడితే అక్కడ పాంక్రియాటైటిస్ మొదలవుతుంది. ఇది తెలియక, సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చిన వారానికి "రాళ్లు" కనబడ్డాయని గాల్‌బ్లాడర్ తీయించేసుకున్న మనిషి నా దగ్గరికొచ్చారు. తీసిన గాల్‌బ్లాడర్‌లో రాయి లేదట. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మెట్రోనిడజోల్ ఎలా చేస్తుందంటే, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. శరీరంలో అది విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుట్టి క్లోమ కణాల్ని దెబ్బతీస్తాయన్నది ఒక వాదన. ఐసోనయాజిడ్, సల్ఫా మందుల విషయంలో అలర్జీ తరహా ప్రతిచర్య అంటారు, ఎందుకంటే మళ్లీ వేస్తే ఈసారి గంటల్లోనే వచ్చేస్తుంది. డోసు తగ్గించినా ఫలితం ఉండదు.

ఇప్పుడు మీ డాక్టరు "అయ్యుండొచ్చు" అన్న మాట దగ్గరికి వద్దాం. ఆయన అలా ఆగిపోవడం తప్పు కాదు, కానీ అక్కడితో వదిలేస్తే తప్పే. ఎందుకో నా సొంత పొరపాటే చెప్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక టీచరు గారు డాక్సీసైక్లిన్ వాడుతుండగా ఇలాగే వచ్చారు. మద్యం లేదు, స్కాన్‌లో రాళ్లు లేవు. డిశ్చార్జి కాగితం మీద "డాక్సీసైక్లిన్ వల్ల వచ్చిన పాంక్రియాటైటిస్" అని దర్జాగా రాసి పంపాను. రెండు నెలలకు మళ్లీ వచ్చారు. ఈసారి ఏ మాత్రా వాడలేదు, నొప్పి మాత్రం అదే. మళ్లీ స్కాన్ చేస్తే గాల్‌బ్లాడర్ అడుగున ఆవగింజల్లాంటి సన్నటి రాళ్లు ఉన్నాయి. మొదటిసారి కూడా ఉండే ఉంటాయి. పాంక్రియాటైటిస్ వచ్చినప్పుడు పేగులు గాలితో ఉబ్బిపోయి స్కాన్‌లో సరిగా కనబడవు, పైత్యనాళం కింది భాగమైతే అసలే కనబడదు. నేను మందు మీద నింద వేసి చేతులు దులుపుకున్నాను, అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పటినుంచి మందు పేరు రాసేముందు పెన్ను ఆగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. యాంటీబయాటిక్ ఎవరికి ఇస్తాం? అప్పటికే ఒంట్లో బాగోలేనివాళ్లకి. మంప్స్, హెపటైటిస్, డెంగ్యూ, లెప్టోస్పైరోసిస్ లాంటి కొన్ని ఇన్ఫెక్షన్లు వాటంతటవే క్లోమానికి వాపు తెప్పిస్తాయి. జ్వరానికి యాంటీబయాటిక్ వేశాం, నాలుగో రోజు పాంక్రియాటైటిస్ వచ్చింది: తెచ్చింది మందా, జ్వరమా? ఇంకా తమాషా ఏమిటంటే, కొందరికి పాంక్రియాటైటిస్ తొలి నొప్పినే "కడుపు ఇన్ఫెక్షన్" అనుకుని మెట్రోనిడజోల్ ఇస్తారు. రెండు రోజులకు అసలు రోగం బయటపడితే నేరం మాత్ర నెత్తిన పడుతుంది. మీ చెల్లెలికి మాత్ర ఇచ్చింది చిగుళ్ల కోసం, అప్పటికి కడుపులో ఏ బాధా లేదు కాబట్టి ఈ అనుమానం ఆమెకు వర్తించదు. ఆ రకంగా మెట్రోనిడజోల్ మీద కేసు కాస్త బలపడుతుంది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది. ఆసుపత్రి కాగితాల్లో మొదటి రోజు ఏఎల్‌టీ (లివర్ పరీక్షలో చూసే ఎంజైము) ఎంతుందో చూడండి. పాంక్రియాటైటిస్‌తో పాటు ఏఎల్‌టీ 150 దాటితే, స్కాన్‌లో రాయి కనబడకపోయినా రాయినే అనుమానిస్తాం. ట్రైగ్లిజరైడ్లు మొదటి రోజే చూశారా? రోగి ఏమీ తినకుండా సెలైన్ మీద ఉంటే అవి రెండు మూడు రోజుల్లో దిగిపోతాయి, తర్వాత చూస్తే దొరకవు. 1,000 దాటి ఉంటే అదే కారణం అనుకోవచ్చు. కాల్షియం సంగతి దీనికి తలకిందులు: జబ్బు సమయంలో అది పడిపోతుంది, కాబట్టి కోలుకున్నాక మళ్లీ చూడాలి. పూర్తిగా తగ్గాక, ఓ ఆరు వారాలకు, పరగడుపున అల్ట్రాసౌండ్ మళ్లీ చేయించండి. నన్నడిగితే ఈ మొత్తంలో ముఖ్యమైనది ఈ రెండో అల్ట్రాసౌండే, ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే. అందులోనూ ఏమీ లేకపోతే పైత్య, క్లోమ నాళాల్ని చూపే ఎంఆర్ఐ స్కాన్ ఎంఆర్‌సీపీ గానీ, ఎండోస్కోపీ గొట్టం చివర స్కాన్ ఉండే ఈయూఎస్ గానీ అవసరమా అన్నది మీ గ్యాస్ట్రో డాక్టరు నిర్ణయిస్తారు. సన్నటి రాళ్లను పట్టుకోవడంలో ఈయూఎస్‌ది అందెవేసిన చెయ్యి. ఆమె వాడే ఇతర మందులు కూడా, గర్భనిరోధక మాత్రలు, హార్మోన్లు సహా, అన్నీ చెప్పండి. ఈస్ట్రోజెన్ ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, చాలామంది దాన్ని "మందు" కింద లెక్కేయరు.

అన్నీ చూశాక ఏమీ దొరక్కపోతే మెట్రోనిడజోల్‌నే కారణంగా తీసుకోవాలి. నిజమా కాదా అని పరీక్షించడానికి మళ్లీ వేసి చూడటం మాత్రం వద్దు. మొదటిసారి తేలిగ్గా పోయిందని రెండోసారీ అలాగే పోతుందన్న హామీ లేదు. వేరే దారి లేని ప్రాణాధార మందు విషయంలో, అదీ ఆసుపత్రిలో ఉంచి, డాక్టర్లు చాలా ఆలోచించి చేసే పని అది. ఇక్కడ ఆ అవసరమే లేదు, బదులు మందులు బోలెడున్నాయి.

అయితే మళ్లీ వేసుకోకుండా ఉండటం మీరనుకున్నంత సులువు కాదు. మెట్రోనిడజోల్ ఎన్నో బ్రాండు పేర్లతో వస్తుంది. వేరే మందులతో కలిపిన మాత్రల్లోనూ ఉంటుంది. విరేచనాలు పట్టుకున్నాయంటే ముందుగా చేతికి వచ్చేది అదే. నాకు తెలిసిన ఒకాయనకు ఈ మందు పడదని తెలుసు, జాగ్రత్తగానే ఉండేవాడు. మూడేళ్ల తర్వాత విరేచనాలకు ఒక కాంబినేషన్ మాత్ర వేసుకున్నాడు. పేరు కొత్తది, రంగు వేరు. మర్నాటికి మంచం అంచున దిండు పట్టుకుని కూర్చున్నాడు. మాత్ర అట్ట తిప్పి వెనక సన్న అక్షరాల్లో చూపిస్తే, "నేను ముందువైపే చదివానండీ" అన్నాడు. కాబట్టి బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు గుర్తుపెట్టుకోవాలి. టినిడజోల్, ఆర్నిడజోల్, సెక్నిడజోల్ కూడా అదే కుటుంబం. వాటితో కచ్చితంగా వస్తుందని చెప్పలేను గానీ, నా రోగికైతే వాటినీ వద్దనే అంటాను.

మిగతా యాంటీబయాటిక్స్? నిక్షేపంగా వాడొచ్చు. అవసరం పడితే భయంతో ఆపేయడం ఇంకా ప్రమాదం. పాంక్రియాటైటిస్ ఒక మందుతో వస్తే అన్ని యాంటీబయాటిక్స్‌తోనూ రాదు, ఇవన్నీ వేరు వేరు కుటుంబాలు. అమాక్సిసిలిన్‌ను మెట్రోనిడజోల్‌తో కలిపి వేసుకున్నారు కాబట్టి దాన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టి, తర్వాత అవసరమైనప్పుడు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఇది చదివే వేరేవాళ్లలో క్షయ మందులు వాడుతున్నవాళ్లు ఉంటే ఒక్క మాట: ఐసోనయాజిడ్ పేరు చూసి మీ అంతట మీరు కోర్సు ఆపొద్దు. నిజంగా అలాంటి నొప్పి వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవసరమైతే వాళ్లే ఆ ఒక్క మందు తీసేసి మిగతావాటితో కోర్సు సర్దుతారు. మధ్యలో ఆపేసిన క్షయ మందుల కథ దీనికన్నా ఘోరంగా ముగుస్తుంది.

చికిత్స గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. పాంక్రియాటైటిస్‌కి విరుగుడు మందంటూ లేదు: అనుమానం ఉన్న మందు ఆపడం, సెలైన్, నొప్పి తగ్గించడం, వాంతులు తగ్గగానే తేలికపాటి ఆహారం. వారం రోజులు కడుపు మాడ్చే పద్ధతి పోయింది. సెలైన్ కూడా బకెట్లకు బకెట్లు ఎక్కించడం మంచిది కాదని 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అనే అధ్యయనం చూపించింది, మితంగా ఇచ్చినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా ఇప్పుడు వద్దంటారు. కుళ్లిన క్లోమ కణజాలానికి ఇన్ఫెక్షన్ సోకితేనే ఇవ్వాలి. అప్పుడు క్లోమంలోకి బాగా చొరబడే మందుల్లో ఒకటిగా వాడేది ఏమిటో తెలుసా, మెట్రోనిడజోల్! అందుకే ఆమె ఎప్పుడైనా, ఏ కారణానికైనా ఆసుపత్రిలో చేరితే ఈ మాట మొదటి గంటలోనే చెప్పాలి.

నూటికి ఎనభై మందికి ఇది తేలికపాటిగానే వచ్చి వారంలో తగ్గిపోతుంది. మందు వల్ల వచ్చినవి ఎక్కువగా ఈ కోవలోవే, క్లోమానికి శాశ్వత నష్టం ఉండదు. ఇంటికొచ్చాక నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ రాత్రే తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక ఆమె పర్సులో ఉండేలా ఒక చిన్న కార్డు రాసి పెట్టండి: "మెట్రోనిడజోల్ వేసుకున్న ఐదో రోజు అక్యూట్ పాంక్రియాటైటిస్, లైపేజ్ 1,140, తేదీ ఫలానా. మెట్రోనిడజోల్, టినిడజోల్ కుటుంబం ఇవ్వొద్దు." కింద "ఇతర కారణాలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి" అని పెన్సిల్‌తో రాయండి. ఆరు వారాల అల్ట్రాసౌండ్ రిపోర్టు, ఏఎల్‌టీ, ట్రైగ్లిజరైడ్ల అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఆ పెన్సిల్ గీతను చెరిపేయాలా వద్దా అప్పుడు చూద్దాం.